కిస్తీ మాటున దాగే ధర

కృష్ణపట్నం రేవులో దిగే బొగ్గు, వంటనూనె, ఎరువులు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు చెరువుల్లో పట్టే రొయ్యలు. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం మిల్లుల్లో ఆడే బియ్యం. నెల్లూరు తీరం పండించేదైనా దించుకునేదైనా లారీ ఎక్కి 16వ నంబరు జాతీయ రహదారి మీదికి రావాల్సిందే. ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు ఒక్క లారీయే ఆస్తి, అదే బతుకుతెరువు, అదే అప్పు. పొలం, ఇల్లు తప్పిస్తే అంత పెద్ద కొనుగోలు వాళ్ల జీవితంలో మరొకటి ఉండదు. అయినా ఆ బేరం ఎక్కడ ఆడాలో మనకు స్పష్టత తక్కువ. షోరూమ్‌లో కూర్చుని ఇరవై వేలో ముప్ఫై వేలో తగ్గించమని గంటల తరబడి పట్టుబడతాం. లక్షలు పోయే చోట మాత్రం చూపించిన కాగితం మీద సంతకం పెట్టి లేచి వస్తాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లారీకి ఒక ధర ఉండదు, ఐదు ధరలు ఉంటాయి: ఛాసిస్, బాడీ, అప్పు, బీమా, ఆ తర్వాత నడిపే ఖర్చు. వాటిని విడివిడిగా పెట్టి బేరమాడినవాడికి మంచి ధర దొరుకుతుంది. ఐదింటినీ కలిపి నెలకు ఇంత కిస్తీ అని చెప్పించుకున్నవాడు ఒకచోట తగ్గించుకున్నది ఇంకోచోట తిరిగి కట్టేస్తాడు.

ముందు కంపెనీ జాబితా ధర సంగతి చూద్దాం. ఉక్కుకు ఇంత, టైర్లకు ఇంత, కూలికి ఇంత అని లెక్కగట్టి తేల్చిన విలువే అది అని చాలామంది నమ్ముతారు. జరిగినవి చూస్తే ఆ నమ్మకం నిలవదు. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. ఉన్న లారీలే ఎక్కువ సరుకు మోయడంతో కొత్తవాటికి గిరాకీ పడిపోయింది. దానికితోడు 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు రానుండటంతో బీఎస్-4 బండ్లను ఆలోగా వదిలించుకోవాల్సి వచ్చింది. 2019లో అవే కంపెనీలు అవే లారీల మీద లక్షల్లో రాయితీలు ఇచ్చాయి. ఉక్కు మారలేదు, ఇంజిన్ మారలేదు. మారింది అమ్మేవాడి అవసరమే. ఐరోపా అనుభవం ఇంకా గట్టిది. డైమ్లర్, వోల్వో/రెనో, ఇవెకో, డాఫ్, మాన్ కంపెనీలు 1997 నుంచి 2011 దాకా జాబితా ధరల మీద కుమ్మక్కయ్యాయని 2016 జులైలో యూరోపియన్ కమిషన్ తేల్చి, సుమారు 293 కోట్ల యూరోల జరిమానా వేసింది. కొత్త కాలుష్య ప్రమాణాల ఖర్చును కొనేవాళ్ల మీదికి ఎలా నెట్టాలో కూడా అవి మాట్లాడుకున్నాయి. బ్రిటన్‌లో ఆ లారీలు కొన్న రాయల్ మెయిల్, బీటీ సంస్థలు డాఫ్ మీద దావా వేస్తే, వాటి దగ్గర 5 శాతం అదనంగా వసూలైందని 2023లో అక్కడి ట్రైబ్యునల్ తీర్పు చెప్పింది. మన దేశంలోనూ అలాగే జరిగిందని నేను అనడం లేదు. జాబితా ధర మనుషులు కూర్చుని నిర్ణయించిన అంకె కాబట్టి, మనుషులతో మాట్లాడి దాన్ని మార్చుకోవచ్చని మాత్రమే అంటున్నాను.

అలాగని కొటేషన్‌లో ప్రతి పద్దునూ బేరమాడలేం. కదిలేవేవో, కదలనివేవో ముందే వేరు చేసుకోవాలి. జీఎస్టీ, రవాణా శాఖ రుసుములు, థర్డ్ పార్టీ బీమా కదలవు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 20 టన్నులు దాటి 40 టన్నుల లోపున్న సరుకు వాహనానికి థర్డ్ పార్టీ ప్రీమియం 43,950 రూపాయలు. దాన్ని ఏ డీలరూ తగ్గించలేడు. బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీ ప్రీమియం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. షోరూమ్ బల్ల మీదున్న పాలసీయే తీసుకోవాలన్న నియమం లేదు. పన్ను విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 30 లక్షలున్న బండికి అంతకుముందు 8 లక్షల 40 వేలు పన్ను పడితే ఇప్పుడు 5 లక్షల 40 వేలు పడుతుంది. ఆ మూడు లక్షలు ప్రభుత్వం వదులుకున్నవి, షోరూమ్ ఇచ్చినవి కావు. అందుకే బేరం ఎప్పుడూ పన్నుకు ముందున్న ధర మీదే ఆడాలి. పాత బండి ఎక్స్‌ఛేంజ్‌నూ ఇందులో కలపనివ్వకూడదు. కొత్త దాని మీద తగ్గించినట్టు చూపి, పాతదానికి విలువ తక్కువ కట్టడం ఎవరికైనా సులువు. ఛాసిస్ తయారైన నెల, సంవత్సరం కూడా అడిగి రాయించుకోవాలి. డిసెంబరులో తయారై జనవరిలో చేతికొచ్చిన బండి, రేపు అమ్ముకునే నాడు ఒక ఏడాది పాతదిగానే లెక్కకొస్తుంది. ఆ తేడాను కొనేరోజే ధరలోంచి తీయించుకోవాలి.

అసలు డబ్బు పోయేది అప్పు దగ్గర. 30 లక్షల అప్పుకు ఏడు శాతం ఫ్లాట్ వడ్డీ అంటే చవకగానే వినిపిస్తుంది. నాలుగేళ్లకు వడ్డీ 8 లక్షల 40 వేలు, నెలకు కిస్తీ 80 వేలు. నెలనెలా అసలు తీరుతూనే ఉన్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న 30 లక్షల మీదే పడుతోంది కాబట్టి, తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది పన్నెండున్నర శాతం దాటుతుంది. 80 వేలు బరువైతే ఐదేళ్లు చేద్దాం, 67,500 కడితే చాలు అంటారు. వినడానికి అది సాయంగానే ఉంటుంది. నెలకు 12,500 తగ్గినందుకు మొత్తం మీద 2 లక్షల 10 వేలు ఎక్కువ కడతాం. ఫ్లాట్ వడ్డీలో ఒక్క శాతం తగ్గించుకుంటే నాలుగేళ్లలో లక్షా 20 వేలు మిగులుతుంది. షోరూమ్‌లో ముప్ఫై వేల కోసం పడే పట్టుదలలో సగం ఇక్కడ చూపినా ఫలితం నాలుగింతలు. రిజర్వు బ్యాంకు ఇందుకు ఒక పనిముట్టు ఇచ్చింది. వ్యక్తులకూ, చిన్న సంస్థలకూ ఇచ్చే అప్పుల్లో 2024 అక్టోబరు 1 నుంచి కీలక వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు లాంటివన్నీ కలుపుకుని ఏడాదికి అసలు వడ్డీ ఎంతో అందులో ఒకే అంకెగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఫైనాన్సర్ల దగ్గర ఆ పత్రం తీసుకుని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు చవకో తేలిపోతుంది. మొదటి కిస్తీ తేదీ కూడా బేరంలో భాగమే. ఛాసిస్ డబ్బు విడుదలైన నాటి నుంచి వడ్డీ నడుస్తుంది; బండి ఇంకా వారాల తరబడి బాడీ షెడ్డులోనే ఉంటుంది. మొదటి లోడు ఎత్తకముందే మొదటి కిస్తీ వచ్చి నిలబడకుండా చూసుకోవాలి.

ఇక బాడీ, మైలేజి. బాడీని డీలరు ద్వారానే కట్టించుకోవాలని లేదు. విజయవాడ ఆటోనగర్ ఉంది, తమిళనాడులో నామక్కల్, తిరుచెంగోడు ఉన్నాయి. విడిగా కొటేషన్లు తెప్పించుకుంటే డీలరు కలిపి చెప్పిన ధరలో బాడీ వాటా ఎంతో బయటపడుతుంది. మైలేజి లెక్క మరీ ముఖ్యం. ఏడాదికి 80 వేల కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 20 వేల లీటర్లు తాగుతుంది. 4.25 ఇస్తే దాదాపు 1,175 లీటర్లు తగ్గుతుంది. లీటరు 95 రూపాయల లెక్కన చూసినా ఏడాదికి లక్షా పదివేలు మిగులు. లీటరుకు పావు కిలోమీటరు ఎక్కువిచ్చే బండి లక్ష ఎక్కువ పెట్టి కొన్నా ఏడాదికల్లా ఆ లక్ష తిరిగొస్తుంది. ఇలా విడదీసి చూడటం ఈ తీరానికి కొత్త విద్య కాదు. చెరువు గట్టు మీద రొయ్యలు అమ్మే రైతు గంపగుత్త రేటుకు ఒప్పుకోడు. కిలోకు 30 తూగే కౌంటుకు ఎంత, 100 తూగే కౌంటుకు ఎంత, ఐసు ఎవరిది, బండి కిరాయి ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో అని ఒక్కొక్కటే తేల్చుకుంటాడు. అమ్మేటప్పుడు ఇంత నేర్పు చూపే మనం కొనేటప్పుడు దాన్ని ఎందుకు పక్కన పెట్టాలి?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. యాభై బండ్లు కొనే సంస్థ మాట చెల్లుతుంది, ఒక్క లారీ కొనేవాడి మాట ఎవరు వింటారు అంటారు. కాదనలేని మాటే. పెద్ద సంస్థకు కంపెనీయే నేరుగా రాయితీ ఇస్తుంది. చిన్నవాడికి డీలరు చేతిలో ఉన్న కొద్దిపాటే దక్కుతుంది. అయితే చిన్నవాడు ఛాసిస్ ధర దగ్గర ఎంత బలహీనుడో, మిగతా నాలుగు ధరల దగ్గర అంత బలహీనుడు కాడు. అప్పు, బీమా, బాడీ అమ్మేవాళ్లు వేరువేరు మనుషులు. వాళ్ల మధ్య పోటీ ఉంది. ఛాసిస్ విషయంలోనూ నెల్లూరు ఓ మూలన పడి లేదు. ఒకవైపు ఒంగోలు, ఇంకోవైపు తిరుపతి, దక్షిణాన చెన్నై ఉన్నాయి. అశోక్ లేలాండ్ కర్మాగారం ఎన్నూరులో, భారత్‌బెంజ్‌ది ఒరగడంలో ఉన్నాయి. ఒకే మోడల్‌కు మూడు ఊళ్ల నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తెచ్చుకున్నవాడు ఒక్క బండే కొంటున్నా ఒంటరివాడు కాడు. నెలాఖరుకు, మూడు నెలల గడువు ముగింపుకు డీలరు మీద అమ్మకాల లక్ష్యం ఒత్తిడి ఉంటుంది. అప్పుడు ఆ ఒక్క బండే అతనికి పెద్దదవుతుంది.

ఇంకో అభ్యంతరం: డీలరును మరీ పిండితే రేపు సర్వీసు దగ్గర మొహం చాటేస్తాడు, బంధం చెడుతుంది. బంధానికి విలువ ఉందని నేనూ ఒప్పుకుంటాను. సర్వీసు సెంటర్ దగ్గర నాలుగు రోజులు ఆగిపోయిన బండి పోగొట్టే కిరాయి ముందు పదివేల రాయితీ ఏపాటిది? కాబట్టి చివరి రూపాయి దాకా పిండమని అనను. డీలరు అద్దె కట్టాలి, మెకానిక్కులకు జీతాలివ్వాలి. అతనికి న్యాయమైన లాభం మిగలాలి. కాకపోతే ఆ బంధాన్ని మాట మీద వదలకుండా కాగితం మీద పెట్టించుకోవాలి. పదివేల రాయితీ బదులు వారంటీ పొడిగింపు, సర్వీసు ఒప్పందం, రోడ్డు మీద ఆగిపోతే ఎన్ని గంటల్లో వస్తారన్న హామీ రాయించుకుంటే ఇద్దరికీ మేలు. దాచిపెట్టిన లాభం మీద నిలిచే బంధం కంటే లెక్క చెప్పుకున్న బంధమే ఎక్కువకాలం ఉంటుంది.

సీజను మొదలైంది, కిరాయి చేజారిపోతుంది, ఇన్ని లెక్కలకు తీరికేదీ అనేది మూడో మాట. కిరాయి శాశ్వతం కాదు గనకే లెక్క కావాలి. 2024లో కృష్ణపట్నానికి కంటైనర్ ఓడల రాక నిలిచిపోయింది. ఆ పనిని నమ్ముకుని తెచ్చిన అప్పుల కిస్తీలు మాత్రం దానితోపాటు నిలిచిపోవు. నాలుగైదేళ్ల అప్పు చేసేవాడు ఈ నెల కిరాయిని కాకుండా మందకొడి నెలల కిరాయిని లెక్కలోకి తీసుకోవాలి. అందులోంచి డీజిలు, డ్రైవరు జీతం బత్తా, టోలు, టైర్లు, మూడు నెలల పన్ను, బీమా తీసేయగా మిగిలేదే తాను మోయగల కిస్తీ. ఆ అంకె ఇంట్లోనే రాసుకుని షోరూమ్‌కు వెళ్లాలి. దానికి లొంగని బేరాన్ని వదిలేసి రాగలిగినప్పుడే కొనేవాడి మాటకు బరువు ఉంటుంది. వారం ఆలస్యమైతే పోయేది వారం కిరాయే. తప్పు లెక్కతో కొంటే పోయేది అరవై నెలల ఆదాయం.

వీటిలో చాలా పనులు ఒక్కడు చేయగలిగినవే. ఒక్క పని మాత్రం నలుగురూ కలిస్తేనే అవుతుంది. ఎవరు ఏ మోడల్‌ను పన్నుకు ముందు ఎంతకు కొన్నారు, ఏ వడ్డీకి అప్పు తెచ్చారు, బాడీకి ఎంతయింది అన్న వివరాలు ఇప్పుడు ఎవరి జేబులో వాళ్లవే. డీలరుకు, ఫైనాన్సరుకు అందరి లెక్కలూ తెలుసు. మనకు మన లెక్క ఒక్కటే తెలుసు. బేరంలో అసలైన తేడా అక్కడే ఉంది. బ్రిటన్‌లో ఆ 5 శాతాన్ని తేల్చేటప్పుడు కూడా ట్రైబ్యునల్ ముందు ఏళ్ల తరబడి జరిగిన అమ్మకాల ధరల లెక్కలు ఉన్నాయి. లారీ యజమానుల సంఘాలు డీజిలు ధర మీద, టోలు మీద గట్టిగా మాట్లాడుతున్నాయి, అది అవసరమే. దానితోపాటు ప్రతి సంఘం కార్యాలయంలో ఒక కొనుగోళ్ల రిజిస్టరు తెరవాలని నా విజ్ఞప్తి. పేర్లు అక్కర్లేదు, మోడల్, నెల, పన్నుకు ముందు ధర, వడ్డీ, బాడీ ఖర్చు చాలు. ఒకే నెలలో కొనదలచినవాళ్లు నలుగురైదుగురు కలిసి వెళితే ఇంకా మంచిది. రిజిస్టరుకు అయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం. అది లేక ఒక్కో లారీ మీద నష్టపోతున్నది మాత్రం లక్షల్లో ఉంది.