సున్నా కూడా రాయాలి

హైటెక్ సిటీలో నాతో పనిచేసే కొందరికి, నాకు ఒక వారాంతపు వ్యాపకం ఉంది: కోరింగ మడ అడవుల అంచున, నీళ్లు తీసినప్పుడు బయటపడే బురదమేటల మీద గుల్లలు లెక్కపెట్టడం. సాయంత్రం లింగంపల్లిలో గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి కాకినాడలో దిగుతాం. సముద్రం మనకి దూరమనుకుంటాం గానీ, దేశమంతటికీ సునామీ హెచ్చరికలు వెళ్లేది మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచే.

పెద్ద సరంజామా అక్కర్లేదు. అర మీటరు పొడవున నాలుగు పైపు ముక్కలు కలిపి బిగించిన చట్రం, సన్న కన్నాల జల్లెడ, తాడు, నోటు పుస్తకం. కోరింగ అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. దొరికిన గుల్లని ఫొటో తీసి, తీసిన చోటే తిరిగి పెట్టేయాలి. మడచెట్ల మొదళ్ల నుంచి నీటి అంచు దాకా తాడు పరిచి, దాని వెంట సమాన దూరాల్లో చట్రం వేస్తాం. చట్రం పడ్డ చోట బురద తీసి, జల్లించి, ఏముందో రాస్తాం.

తాడు వెంట నడుస్తుంటే గుల్లలు మారిపోతాయి. చెట్ల నీడన బురద మీద పాకేది టెలిస్కోపియం అనే పొడవాటి నల్ల నత్త. వేళ్లకీ, పాత గుంజలకీ అతుక్కుని ఆల్చిప్పలు. ఇసుక పాలు ఎక్కువున్న చోట, మొగల దగ్గర, నున్నటి మెరిట్రిక్స్. మెత్తటి బురద మాత్రం రక్తగుల్లది. శాస్త్రవేత్తలు ఇప్పుడు టెగిల్లార్కా గ్రనోసా అంటారు; పాత పేరు అనడారా గ్రనోసా. దాన్ని కడిగి అరచేతిలో పెట్టుకుని చూడండి. దళసరి పెంకు, దాని మీద ఇరవై దాకా లావుపాటి గట్లు, ప్రతి గట్టు మీదా వరసగా బొడిపెలు. లోపలి రక్తం నిజంగానే ఎరుపు. గుల్లల్లో చాలావాటికి లేని హిమోగ్లోబిన్ దీనికి ఉంది. ప్రాణవాయువు అంతంతమాత్రంగా ఉండే బురదలో అదే దాని ఆధారం.

ఆ బురద అక్కడే ఎందుకుంది? గోదావరి తెచ్చిన ఇసుకని అలలు ఉత్తరానికి తోయగా పెరిగిన హోప్ ఐలాండ్, కాకినాడ అఖాతానికి అడ్డుగోడయింది. దాని చాటున నీరు నెమ్మదించి, కోరింగ, గాడేరు పాయలు మోసుకొచ్చిన సన్నమట్టి అడుక్కి దిగుతుంది. ఈ అఖాతపు రక్తగుల్ల జీవితం మీద కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకి చెందిన కె.ఎ. నరసింహం పరిశోధన వ్యాసం 1988లో వచ్చింది. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందుగా దాన్ని చదవాలి.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను పదేపదే చెప్పేవి రెండు. ఒడ్డున కుప్పపడ్డ చిప్పలు చూసి ఇక్కడ ఫలానాది ఉందని రాయకూడదు. చచ్చినదాని పెంకుని నీళ్లు ఎక్కడికైనా మోసుకుపోతాయి. రెండు చిప్పలూ గట్టిగా మూసుకుని, బురదలో తన చోట ఉన్న ప్రాణినే లెక్కలో వేయాలి. రెండోది, చట్రంలో ఏమీ దొరక్కపోతే సున్నా అని రాయాలి. డేటాబేస్‌తో రోజూ పనిచేసేవాళ్లకి సున్నాకీ ఖాళీకీ తేడా వివరించక్కర్లేదు. సున్నా అంటే వెతికాం, లేదు. ఖాళీ అంటే అసలు వెతకలేదు. ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లలోకి మామూలుగా దొరికినవాటి ఫొటోలే ఎక్కుతాయి. అవీ విలువైనవే. కానీ ఒక గుల్ల ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ ఆగిపోయిందో వాటితో గీయలేం. ఆ హద్దు గీసేవి సున్నాలే.

ఆ హద్దు కదులుతుంది కూడా. వరదల నెలల్లో గోదావరి మంచినీళ్లు అఖాతంలో ఉప్పుని పలచన చేస్తాయి. ఎగువన ఆనకట్టల వల్ల నది తెచ్చే మట్టీ తగ్గింది. బురద పాలు తగ్గి ఇసుక పాలు పెరిగిన చోట రక్తగుల్ల వెనక్కి తగ్గిందా, మెరిట్రిక్స్ ముందుకొచ్చిందా అన్నది తేలాలంటే, వరద వెళ్లాక అదే తాడు అదే చోట పరిచి లెక్కపెట్టాలి, పాత పుస్తకంలోని సున్నాలు పక్కన పెట్టుకుని మరీ.