లేపాక్షి ఐతిహ్యాలు: సొమ్మెవరిది? చెయ్యెవరిది?

ఐతిహ్యం వినబడగానే మూఢ విశ్వాసమని తోసివేయడం మన అభ్యుదయ విమర్శకులలో కొందరికి అలవాటు. భక్తుడు దాన్ని కళ్ళకద్దుకుంటాడు, మనం చీదరించుకుంటాం. విని ఆలోచించడం మాత్రం ఇద్దరమూ చేయడం లేదు.

వానకు మొగం వాచిన అనంతపురం పీఠభూమిలో, హిందూపురానికి సమీపాన ఉంది లేపాక్షి. 2022 నుండి అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. అక్కడి వీరభద్రాలయాన్ని విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. పెనుకొండ బొక్కసానికి అధికారియైన విరూపణ్ణ, రాజానుమతి లేకుండా ఆ ధనాన్ని గుడికి ఖర్చు చేశాడనీ, రాజు కళ్ళు పీకించమన్నాడనీ, అతడు తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరాడనీ కథ. గోడమీది రెండు ఎర్రని మరకలను నేటికీ చూపిస్తారు. అసంపూర్ణంగా మిగిలిన కళ్యాణ మంటపాన్ని సాక్ష్యం పిలుస్తారు.

శాసనాలు మరో మాట చెబుతాయి. వాటిలో ఈ దేవునికి భూదానాలున్నాయి గాని, పెరికిన కళ్ళు లేవు. ఐతే ఆ మరకలు నెత్తురా కాదా అన్నది మన ప్రశ్న కాదు. రాజానుగ్రహంతో వెలిసిన గుడి గోడమీద ప్రజలు రాజు క్రౌర్యాన్ని ఎందుకు చూశారన్నదే ప్రశ్న. మంటపం పైకప్పున చిత్రకారుడు మనునీతి చోళుని కథ రాశాడు. ఆవుదూడ ప్రాణానికి బదులు కన్నకొడుకునే శిక్షించిన రాజు అతడు. పైన పోషకులకు నచ్చిన రాజధర్మం, కింద ప్రజలెరిగిన రాజదండనం! ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడనివాడు లేపాక్షిని సగమే చూసినవాడు.

కాని ఈ కథకూ ఒక గుడ్డితనముంది. బొక్కసం సొమ్ము రాజుదా, అధికారిదా అన్న తగాదాలో, పన్ను కట్టిన రైతు ఊసే లేదు. మెట్టచేను దున్నినవాడు కథలో పాత్ర కాలేకపోయాడు.

గుడి వెనుక ఏడు పడగల నాగుని కథ ఇంకొక దారి పట్టింది. తల్లి వంట ముగించేలోగా, ఆకలితో ఎదురుచూస్తూ శిల్పులు దానిని ఒకే బండలో చెక్కారట. ఇక్కడ రాజు లేడు, దాత లేడు. ఆకలీ, ఉలీ, అమ్మ వంటా ఉన్నాయి. శ్రమజీవి తనను గురించి చెప్పుకున్న కథ ఇది. ఐనా పూర్తిగా నమ్మరాదు. ఎన్నో దినాల కష్టాన్ని ఒక పూట మహిమగా మార్చి, కూలి లెక్క అడగకుండా చేసేదీ ఈ కథే. ఐతిహ్యం శ్రమను జ్ఞాపకం ఉంచుతుంది, ఆ నోటితోనే దాని వెలను మరిపిస్తుంది. ఈ ద్వంద్వాన్ని విప్పిచెప్పడమే విమర్శకుని పని.

2018లోనూ, 2020లోనూ ప్రభుత్వం లేపాక్షి ఉత్సవాలు జరిపింది. అటువంటి వేదికలపై శిల్పకళావైభవాన్ని కీర్తించడం సులభం. మహాశివరాత్రికి చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చే జనం మధ్య కూర్చుని, ఈ కథలు వారి నోట ఎలా మారుతున్నాయో వినడం కష్టం. విద్యార్థి మిత్రులు ఆ కష్టానికి పూనుకోవాలి. దేవుణ్ణి నమ్ముతారా లేదా అని వారిని నిలదీయనక్కరలేదు. ఆ రాయి ఎవరు మోశారు, వారికి తిండి ఎవరు పెట్టారు అని అడిగితే చాలు.