రాకు రంగులు గాలివాటం కాదు

జపాన్‌లో పుట్టిన రాకు పద్ధతి కుండల వర్క్‌షాపుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘ఫలితం మన చేతిలో లేదు, నిప్పుకే వదిలెయ్యాలి’. వినడానికి బాగుంటుంది గానీ నేర్చుకోవడానికి పనికిరాదు. బట్టీ వేడి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, గ్లేజు అనే గాజు పూత కరిగి తడిగా మెరిసే వేళ, కణకణలాడే గిన్నెను పొడవాటి పట్టకారుతో బయటికి తీస్తారు. రంపపు పొట్టు పోసిన ఇనప డబ్బాలో పెట్టగానే భగ్గుమంటుంది. మూత బిగించాక మంటకు గాలి చాలదు, గ్లేజులోని రాగి ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది. రాగి మెరుపు తేలుతుంది. చల్లారకముందే మూత తీస్తే ఆ మెరుపు ఆకుపచ్చకు తిరుగుతుంది. తెల్ల గ్లేజు గిన్నెను డబ్బాలో పెట్టేముందు కొన్ని క్షణాలు గాలిలో ఉంచితే, టిక్కు టిక్కుమంటూ పగుళ్లు విచ్చుకుంటాయి. మసి వాటిలోకి దిగి నల్లటి గీతలవుతుంది. ప్రతి రంగు వెనకా ఒక కారణం ఉంది.

లోపాన్ని అందంగా చూడటమే జపాన్ రాకు తత్వం కదా అని కొందరంటారు. 16వ శతాబ్దపు క్యోటోలో తేనీటి వేడుకల గురువు సెన్ నో రిక్యూ అభిరుచికి తగ్గట్టు కుమ్మరి చోజిరో చేసిన గిన్నెల్లో వంకర ఉంది, నిజమే. అయితే సారె మీద పెట్టకుండా చేత్తో మలిచిన ఆ వంకర, చెయ్యి కావాలని ఉంచుకున్నది. పైగా డబ్బాలో పొగపెట్టే పద్ధతి క్యోటోది కాదు. 1960 ప్రాంతంలో అమెరికాలో కుండల కళాకారుడు పాల్ సోల్డ్‌నర్ ప్రయోగాలతో వ్యాపించింది. అమెరికా పొగకు జపాన్ తత్వాన్ని అంటగట్టి, తెలియనితనాన్ని దాచుకోవడం సరికాదు.

గాలి, పొట్టులో తేమ, గిన్నె మందం ఎవరి అదుపులో ఉంటాయన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. ఏ రెండు గిన్నెలూ అచ్చంగా ఒకేలా రావన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ వాన చేతిలో లేదని రైతు అదను చూడటం మానడు. మన నేల మీద బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికిన కుండలనే చూడండి: లోపల, అంచున నలుపు, బయట కింది భాగం ఎరుపు. గాలి ఆడని చోట నలుపు, ఆడిన చోట ఎరుపు. కుండ తర్వాత కుండలో అదే అమరిక కనిపిస్తుంటే దాన్ని అదృష్టం అనలేం. నిప్పుకు వదిలేసేదెంతో, చేతిలో ఉంచుకునేదెంతో ఆ కుమ్మరులకు తెలుసు.

అందుకే వర్క్‌షాపులో చేరేవారు ఒక్కటి అడగాలి: ఒకే మట్టి, ఒకే గ్లేజుతో రెండు గిన్నెలు ఇవ్వమనండి. ఒకదాన్ని వెంటనే, రెండోదాన్ని కాస్త ఆగి డబ్బాలో పెట్టండి. తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగితే మీరు రాకు నేర్చుకున్నట్టే.