గుండ్రంగా ఆలోచించే ఊరు

గూడెం కొత్తవీధి నుంచి కిందికి దిగే బస్సు చింతపల్లి, లంబసింగి దాటి నర్సీపట్నం చేరేసరికి కాఫీ తోటలూ చలీ వెనకబడిపోతాయి, వరి మళ్లూ చెరకు తోటలూ ఎదురొస్తాయి. అక్కణ్నుంచి అడ్డరోడ్డు వైపు సాగితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. నర్సీపట్నం పైనున్న కొండల్లో పుట్టిన వరాహ కూడా ఇంచుమించు ఇదే దారిన పల్లానికి దిగుతుంది. అంకుడు కర్ర సంగతీ అంతే. మన్యం అంచు అడవుల్లో కొమ్మగా పెరిగి, ఈ ఊళ్లో లక్కపిడత అవుతుంది, బొంగరం అవుతుంది, కుంకుమ భరిణె అవుతుంది.

ఆ బొమ్మల కోసం వచ్చేవాళ్లు గంటలో కొనుక్కుని వెళ్లిపోతారు. పని కోసం వచ్చేవాళ్లు మాత్రం ఊళ్లోనే ఉండిపోవాలి. డిజైన్ కోర్సుల విద్యార్థులు, కొత్త బొమ్మ తయారుచేయాలనుకునే డిజైనర్లు ఏటికొప్పాకకు రావడం కొత్తేమీ కాదు. కళాకారుడు నగరం వదిలి పల్లెలో మకాం పెట్టి పనిచేసుకోవడాన్ని ఇప్పుడు రెసిడెన్సీ అంటున్నారు. ఆ మాట వినగానే చెట్టునీడ, నిశ్శబ్దం గుర్తొస్తాయి. ఇక్కడ నిశ్శబ్దం ఆశించి వస్తే కష్టం. పనిగదిలో మోటారు రొద, ఉలి కింద కర్ర చిట్లే చప్పుడు, గాలి నిండా సన్నటి పొట్టు.

దక్షిణాదిన కళాకారుల పల్లె అంటే ముందు చెప్పుకోవలసింది చోళమండలం. మద్రాసు చిత్రకళాశాల ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ చుట్టూ చేరిన యువ చిత్రకారులు, శిల్పులు బాతిక్ లాంటి చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో మహాబలిపురం దారిలో ఇంజంబాక్కం దగ్గర ఇసుక నేల కొని, 1966లో ఊరు కట్టుకున్నారు. అక్కడ చేతిపని చిత్రకళకు కూడు పెట్టింది. ఏటికొప్పాకలో వరస తిరగబడింది. ఇల్లు, పనిముట్టు, విద్య అన్నీ చేతిపనివాడివి, చిత్రకారుడు అతిథి. ఈ తేడా వచ్చినవాడి అహానికి కాస్త ఇబ్బందే కానీ, పనికి మాత్రం మేలు చేస్తుంది.

అతిథికి మొదటి పాఠం కర్ర దగ్గరే మొదలవుతుంది. అంకుడు తెల్లగా, మెత్తగా ఉంటుంది. చార పెద్దగా కనబడదు కాబట్టి పైన పూసిన రంగు మచ్చలు లేకుండా నిలుస్తుంది. కర్ణాటకలో చెన్నపట్న బొమ్మలదీ ఇదే కర్ర. కొండపల్లి, నిర్మల్ కళాకారులు పొణికి కర్రను చెక్కి అతికి రంగులేస్తారు. ఏటికొప్పాక పని తరిణి పట్టడం, అంటే లేత్ మీద కర్రను తిప్పుతూ ఉలితో చెక్కడం. బెరడు తీసిన కొమ్మ వారాల తరబడి ఆరాలి. పచ్చి తగ్గని ముక్కను లేత్ కెక్కిస్తే అప్పటికి బాగానే తిరుగుతుంది, తరవాత పగులుతుంది. భరిణె మూత విషయంలో ఇది మరీ కచ్చితం. మూత, అడుగు విడివిడిగా తరిణి పట్టి, ఒకదాన్లో ఒకటి బిగుతుగా కూర్చోబెట్టాలి. కర్రలో తడి మిగిలితే ఇవాళ సరిపోయిన మూత నెలకు వదులవుతుంది. బొమ్మ గీసి తెచ్చిన డిజైనర్ తొందరపడినా కర్ర తొందరపడదు.

ఒకప్పుడు ఒకరు తాడు లాగి తిప్పుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు ఆ తాడు పని కరెంటు మోటారు చేస్తోంది. ఉలి పట్టే చెయ్యి మాత్రం మారలేదు.

లక్క పని దగ్గరగా చూడాల్సిందే. మోదుగ, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు చేరి స్రవించే జిగురే లక్క. మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. దాన్ని బొగ్గుల నిప్పు మీద మెత్తబరిచి, రంగు కలిపి, తిరునాళ్లలో మేకుకు తగిలించి లాగే జీడిలా సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీస్తారు. రంగు అంతటా సమంగా పట్టాక కడ్డీలు చేస్తారు. ఆ కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తే రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. వేరే మంట లేదు, కుంచె లేదు. ఒత్తిడి తగ్గితే లక్క కరగదు, ఎక్కువైతే చారలు కడుతుంది. ఆ పైన ఎండిన మొగలి ఆకు ముక్క మడిచి అదిమి పడితే లక్క పలచగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఎంత ఒత్తాలో నోటితో చెప్పగలిగినవాళ్లు లేరు. పక్కన కూర్చుని, నాలుగు ముక్కలు పాడుచేసి, ఐదోది చేతికి తెలియాలి. ఊళ్లో మకాం ఉండాల్సిన అవసరం ఇక్కడే ఉంది. రెండు రోజుల వర్క్‌షాపుల్లో వచ్చేది ఫొటోలు మాత్రమే.

ఇంకో ఇబ్బంది, నిజానికి ఇబ్బంది రూపంలో ఉన్న వరం: లేత్ మీద పుట్టేదేదైనా గుండ్రంగానే పుడుతుంది. ఏనుగు కావాలన్నా, ఎడ్లబండి కావాలన్నా, పెళ్లికూతురు కావాలన్నా బంతి, గొట్టం, శంకువు, గిన్నె ఆకారాలుగా విడగొట్టుకుని, విడివిడిగా తరిణి పట్టి జోడించాలి. కాగితం మీద పలకలు, కోణాలు గీసుకొచ్చినవాళ్లు మొదట విసుక్కుంటారు. తరవాత బొమ్మను కుదించడం నేర్చుకుంటారు. ముక్కు, చెవులు, వేళ్లు అన్నీ చూపించక్కర్లేదని, తల వంపు ఒక్కటి కుదిరితే చాలని తెలుస్తుంది. చంటిపిల్లల చేతికిచ్చే గిలక్కాయకు మొనలు లేకపోవడం ఈ పద్ధతి ఇచ్చిన లాభమే.

రంగుల కథలో ప్రధానమైన పేరు సి.వి. రాజు. చవకగా, గాఢంగా ఉండే రసాయన రంగులు ఒక దశలో ఈ బొమ్మల మీదికి వచ్చేశాయి. నోట్లో పెట్టుకునే వస్తువు మీద అవి ఎంత ప్రమాదమో తెలిసిన రాజు 1990ల నుంచి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయల్లాంటి వాటితో లక్కకు రంగు పట్టించే పద్ధతుల మీద పనిచేశారు. నీటిలో కరిగే రంగు బట్టకు పట్టినంత తేలిగ్గా లక్కకు పట్టదు. ఆయన కృషి అంతా ఆ చిక్కు విప్పడం మీదే. 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లోనే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు దక్కింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, జీఐ ఉన్న సంప్రదాయ బొమ్మలకు మినహాయింపు ఇవ్వడంతో ఆ గుర్తింపు కాగితం మీదే మిగిలిపోలేదు. 2025 గణతంత్ర దినాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే, దానికి మూడో బహుమతి కూడా వచ్చింది.

ప్రకృతి రంగులకు హద్దులున్నాయి. మిరుమిట్లు గొలిపే గులాబీ అడిగితే దొరకదు. పసుపుతో వచ్చిన రంగు ఎండలో ఉంచితే వెలిసిపోతుంది. పసుపూ నీలిమందూ కలిస్తే వచ్చే ఆకుపచ్చ ప్రతిసారీ ఒకేలా రాదు. నగరపు డిజైనర్‌కు ఇది లోపంగా తోచవచ్చు. ఆ పరిమితుల్లోనే పని నడుపుకున్నవాళ్ల బొమ్మలే చూడముచ్చటగా ఉంటాయి.

ఇక పేరు సంగతి. శ్రీశైలపు చిన్నయాచారి లాంటి జాతీయ పురస్కారం పొందినవారిని వదిలేస్తే, ఈ ఊరి పనివాళ్లలో బయటివారికి తెలిసిన పేర్లు తక్కువ. అతిథి గీసిన బొమ్మ కేటలాగులోకి వెళ్లినప్పుడు చాలాసార్లు గీసినవారి పేరే ఉంటుంది, ఎన్నో ముక్కలు పాడుచేసుకుని దాన్ని సాధ్యం చేసిన చేతిది ఉండదు. మకాం ఖర్చుకు నిధులిచ్చే సంస్థలు ఒప్పందంలోనే రెండు పేర్లూ, పాడైన ముక్కల కూలీ రాయించాలి.

కర్ర మాటకొస్తే, అంకుడు కొట్టిన చోట మళ్లీ చిగురించే చెట్టు. కొమ్మలు కోసుకుంటూ పోతే చెట్టు బతికే ఉంటుంది. అయినా అటవీ అనుమతులు, తరిగిన అడవి కలిసి ఏటికొప్పాకలో కర్ర దొరకడం కష్టంగానే ఉంది. అంకుడును ప్రత్యేకంగా పెంచాలన్న కోరిక ఊళ్లో పాతదే. రంగునిచ్చే జాఫ్రా చెట్లూ మన్యంలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ మకాం ఏర్పాటు చేసేవారెవరైనా మొదటి వారం అతిథిని లేత్ దగ్గర కాక పైన గూడెం కొత్తవీధి, చింతపల్లి వైపు ఉంచితే మంచిది. ఏ లావు కొమ్మ కోస్తారో, మోపు కిందికి దిగడానికి ఎవరికి ఎంత ముడుతుందో, జాఫ్రా కాయ ఏ నెలలో పగులుతుందో అక్కడే తెలుస్తుంది. వానాకాలంలో మాత్రం రావద్దు. కర్ర ఆరదు, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడతాయి. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు అనువైన కాలం.