శుభాశుభ ప్రతీకలు, సామాజిక గుర్తింపు: జాషువ 'గబ్బిలం'

నిత్యజీవితంలో ప్రతీకలు కేవలం అలంకారాలు కావు. ఎవరిని లోనికి ఆహ్వానించాలో, ఎవరిని గడప అవతల నిలపాలో అవి నిర్దేశిస్తున్నట్లు కనిపిస్తాయి. 1941లో వెలువడిన గుఱ్ఱం జాషువ 'గబ్బిలం' ఈ నమ్మకాన్ని రెండు ప్రతీకల ద్వారా పరీక్షించింది.

మొదటిది అరుంధతి. వివాహంలో వధూవరులకు చూపించే ఆ నక్షత్రం పాతివ్రత్యానికి గుర్తు. జాషువ తన కావ్యనాయకుణ్ణి అరుంధతీసుతుడన్నాడు. తల్లిని ఆకాశంలో చూపి నమస్కరించే సమాజం కొడుకును ఊరికి వెలుపల ఉంచింది. శుభప్రతీకతో ఉన్న బంధుత్వం అతనికి గౌరవాన్ని సమకూర్చలేదు.

రెండవది గబ్బిలం. అది ఇంట్లోకి వస్తే కీడని జనవిశ్వాసం. అయినా గుడిలోకి దానికి అడ్డు లేదు. అందుకే తన గోడును శివునికి విన్నవించమని నాయకుడు దానినే వేడుకున్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1939 నాటి ఆలయప్రవేశ చట్టం సైతం తలుపులు తెరిచే చొరవను ధర్మకర్తలకే వదిలింది. గబ్బిలానికి ఎవరి సమ్మతీ అక్కరలేదు.

గబ్బిలాన్ని దళితునికి ప్రతిరూపంగా మాత్రమే వ్యాఖ్యానిస్తే ఈ వ్యత్యాసం మరుగున పడుతుంది. 'మేఘసందేశం'లో యక్షుని శాపానికి ఏడాది గడువుంది. ఈ నాయకుని వెలికి గడువే లేదు. శుభనామం గలవాడు బయట, అశుభమన్న ప్రాణి లోపల. కనుక బహిష్కరణకు మూలం ప్రతీకలో లేదు. తలుపు తాళం ఎవరి చేతిలో ఉన్నదన్న విషయంలో ఉంది.