రైళ్లు లేని దీవిలో లెక్కలు

మాల్దీవుల్లో సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే అమ్మ తీరిగ్గా ఫోన్ చేసే వేళకి నేను తొమ్మిదో తరగతి బోర్డు ముందు ఉంటాను. శుక్రవారం నేను ఖాళీగా ఉండి ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరి హడావుడిలో వాళ్లుంటారు. గడియారంలో మనకీ ఇక్కడికీ తేడా అరగంటే. వారానికే పొంతన కుదరదు.

జుమ్మా నమాజు వేళకి కొట్లన్నీ మూసేస్తారు. ఫెర్రీలు కూడా చాలావరకు ఆ రోజు నడవవు. దీవి ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే పావుగంట. కొత్తలో కట్టేసినట్టుండేది. ఇప్పుడు మాత్రం పని చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదంటాను. పెరట్లో మునగచెట్టుంది. ఇక్కడివాళ్లు ఆ ఆకును ట్యూనా చేపతో కలిపి తింటారు, నేను పప్పులో వేస్తాను. కుక్కర్ కూతలు పెట్టేలోగా నోటుపుస్తకాలు ముందేసుకుంటాను.

దిద్దడం గురించి చెప్పేదేముంది, ఏ దేశంలోనైనా అది దిద్దడమే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది: వచ్చే వారానికి లెక్కలు తయారుచేయడం.

లెక్కల పుస్తకాలకి రైళ్లంటే మహా ఇష్టం. ఎదురెదురుగా వస్తాయి, వంతెనలు దాటతాయి, స్తంభాన్ని దాటడానికి ఇన్ని సెకన్లంటాయి. ఈ దేశంలో రైలు పట్టా అన్నదే లేదు. దాదాపు 1,200 దీవులుంటే, ఊళ్లున్నవి 200 లోపే. సహజంగా ఎత్తైన నేల కూడా సముద్రమట్టానికి రెండున్నర మీటర్లు దాటదు. అలాంటిచోట, కొండెక్కి పడవను చూసే మనిషికి నిమ్న కోణం ఎంత అని అడగాలి. పిల్లలు చేసేస్తారు, సూత్రం తెలుసుగా. ఆ కొండ మీద మాత్రం వాళ్లు ఎప్పుడూ నిలబడరు.

రాముని తీసి అహ్మద్‌ని పెట్టు, రైలు తీసి స్పీడుబోటు పెట్టు, అయిపోతుంది కదా అంటారు తోటి మాస్టార్లు. నాకది నచ్చదు. అది లెక్కకి వేషం మార్చడమే. జవాబు ఎవరికో ఒకరికి అవసరపడాలి. ఇక్కడ నేలలో నీళ్లు ఉప్పన, తాగడానికి వాన నీళ్లు పట్టుకుంటారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు. 60 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 20 మిల్లీమీటర్లు పడితే 1,200 లీటర్లు. అది చెప్పగానే క్లాసు క్లాసంతా తమ ఇంటి కప్పులు కొలవడానికి తయారైంది. మా ట్యాంకు నిండాలంటే ఎంత వాన పడాలి సార్ అని వాళ్లే అడిగారు.

అలాంటి లెక్కలు కూర్చుంటే దొరకవు, తిరగాలి. శుక్రవారం సాయంత్రం తీరాన వల అల్లిన కుర్చీల్లో ఊరంతా చేరుతుంది. మా ఇంటి యజమాని తండ్రి గాలపు కర్రతో ఒక్కో ట్యూనానే పైకి లాగి బతికిన మనిషి. ఊళ్లో పిల్లలతోపాటు నేనూ ఆయన్ని ‘కాఫా’ అనే పిలుస్తాను, అంటే తాత. హిందీ సినిమాల పుణ్యమా అని మాకు మాట కుదురుతుంది.

మొన్న జూన్ మొదట్లో ఆయన సముద్రం వైపు చూసి, “రోఆను అయిపోయింది సార్, మియాహెలి వచ్చింది” అన్నారు. వరస చెప్పమన్నాను. అస్సిద, బురును, కెతి, రోఆను, మియాహెలి, అద... నాకు ఒళ్లు ఝల్లుమంది. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర! మన రైతు విత్తనం వేయడానికి చూసుకునే కార్తెలే ఇవి. జాలరి వీటినే చూసుకుని పడవ దించుతాడు. ఇక్కడ వీటిని ‘నకై’ అంటారు. ఇవీ ఇరవై ఏడే, ఒక్కోటి 13 లేదా 14 రోజులే. మన పంచాంగానికి నాలుగైదు రోజులు అటూ ఇటూ. మృగశిర నాడు చేప తినాలని మా తెలంగాణలో బజార్ల మీద పడతామని చెబితే ఆయన పగలబడి నవ్వారు. ఆ ఒక్క రోజేనా, అని.

శనివారమంతా దాంతోనే గడిచింది. కొన్ని నకైలు 13 రోజులు, కొన్ని 14. మొత్తం 27. ఏడాదికి 365 రోజులు. ఏవి ఎన్ని? రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులు. పుస్తకంలో పెన్నులూ పెన్సిళ్లూ కొనే ఆసామిని సాగనంపి ఈ లెక్క పెట్టాను.

ఆదివారం మొదటి పీరియడ్. నేనింకా ఎక్స్, వై రాస్తుండగానే వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. “అన్నిటికీ పదమూడేసి ఇచ్చేస్తే 351 సార్. ఇంకా 14 మిగిలాయి. పద్నాలుగు నకైలకి తలా ఒకటి పంచేస్తే సరి.” పద్నాలుగు రోజులవి 14, పదమూడు రోజులవి 13. సమీకరణం ఊసే లేదు. ఆ పద్ధతిని ఆమె చేతే బోర్డు మీద రాయించాను. పక్కనే ఎక్స్, వైలతో కూడా చేయమంటే మూతి ముడిచింది. జవాబు వచ్చేసింది కదా, మళ్లీ ఎందుకట. రేపు ఐజీసీఎస్ఈ పరీక్ష పేపర్లో సమీకరణం రాయమని అడిగితే, రాయనివాళ్లకి మార్కులు వేయరు తల్లీ అన్నాను. గొణుగుతూనే రాసింది.