కంచె అవతలి స్టేడియం

మిసిసిపి రాష్ట్రానికి సొంత మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు లేదు. అయినా 2023 ఏప్రిల్ 15న అక్కడి స్టార్క్‌విల్ పట్టణంలో, మిసిసిపి స్టేట్ యూనివర్సిటీ మైదానమైన డూడీ నోబుల్ ఫీల్డ్‌కి ఒక కాలేజీ మ్యాచ్ చూడడానికి 16,423 మంది వచ్చారు. ప్రత్యర్థి జట్టు ఓల్ మిస్, అదే రాష్ట్రంలోని పాత పగవాళ్లు. యూనివర్సిటీ ఆవరణలో జరిగిన కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్‌కి అప్పటిదాకా అంత జనం ఎప్పుడూ రాలేదు. అంతకుముందు, 2014లో, 15,586 మందితో నెలకొన్న రికార్డు కూడా ఈ మైదానానిదే. ఊరి జనాభా చూస్తే 2020 లెక్కల్లో పాతిక వేలకు లోపు. జట్టు గెలుస్తోంది కాబట్టి జనం వస్తున్నారనుకుందామా అంటే, ఆ లెక్క కుదరదు. 1985లో విల్ క్లార్క్, రాఫెల్ పల్మీరో లాంటి వాళ్లున్న జట్టు ఒమాహాలోని కాలేజీ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. తొలి జాతీయ టైటిల్ దక్కింది 2021 జూన్ 30న, వాండర్‌బిల్ట్‌ని 9-0తో ఓడించినప్పుడు. జనం మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే కిక్కిరిసి ఉన్నారు. ఈ స్టేడియం విలువ గ్రాండ్‌స్టాండ్‌లో లేదని, ఎడమ కంచె అవతల చూసేవాళ్లే తమ కోసం కట్టుకున్న చోటులో ఉందని నా వాదన.

ఆ చోటు పేరు లెఫ్ట్ ఫీల్డ్ లౌంజ్. మైదానం 1967లో మొదలైంది. ఆ దశకం చివర్లో విద్యార్థులు పికప్ ట్రక్కులు తెచ్చి, వెనక భాగం మైదానం వైపుకి తిప్పి, కంచె అవతలి ఖాళీ జాగాలో నిలిపేవారు. ట్రక్కు మీద కూర్చుంటే కంచె మీదుగా ఆట కనిపిస్తుంది, పక్కనే గ్రిల్ వెలిగించుకోవచ్చు, అంతే సంగతి. కాలక్రమంలో ట్రక్కుల మీద, ట్రెయిలర్ల మీద చెక్క బల్లలు మెట్లు మెట్లుగా లేచాయి. ఇది 1878లో వ్యవసాయ, యంత్రవిద్యా కళాశాలగా పుట్టిన విద్యాసంస్థ. ట్రెయిలర్‌ని వెనక్కి నడిపి జానెడు సందులో పెట్టడం, పాత కలపతో బరువు మోసే అటక కట్టడం అక్కడివాళ్లకి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. ఎంచుకున్న దిక్కు కూడా మంచిదే. కుడిచేతి బ్యాటర్ బలంగా లాగి కొట్టిన బంతి ఎడమ వైపుకే పోతుంది, మన క్రికెట్‌లో లెగ్ సైడ్‌కి పోయినట్టు. కాబట్టి కంచె దాటే హోమ్ రన్ బంతి ఈ పొగ మధ్యలోకే వచ్చి పడే అవకాశం ఎక్కువ. ప్లేట్ తొడ మీద పెట్టుకున్నవాడు కూడా పిచర్ చేతి మీంచి చూపు తిప్పకూడదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది: ఇది తిండీ తాగుడూ జాతరే గానీ ఆట చూడడం కాదు కదా? ఆట నడక తెలిస్తే ఈ మాట నిలవదు. బేస్‌బాల్‌కి మ్యాచ్ ముగించే గడియారం లేదు. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి రెండు సగాలు, ప్రతి సగం తర్వాతా చిన్న విరామం. పక్కటెముకల మాంసానికి సన్నసెగ మీద గంటలు పడుతుంది గనుక దాని కింద నిప్పు ఆటకి చాలా ముందే రాజుకోవాలి. సాసేజ్, బర్గర్ లాంటివి విరామాల్లో తిప్పుకుంటే చాలు. అంటే ఇక్కడ వంట ఆట లయకి అమర్చుకున్న పని. బాస్కెట్‌బాల్ పక్కన ఇలా వండలేం, అక్కడ కళ్లు తిప్పితే నాలుగు పాయింట్లు పోతాయి. ఇక ప్రత్యర్థి ఆటగాళ్లని గేలి చేసే సంగతి. కాలేజీ లీగ్‌లో వారాంతపు సిరీస్ మామూలుగా మూడు మ్యాచ్‌లు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా. శుక్రవారం వీళ్లు వేళాకోళం చేసిన ప్రత్యర్థి లెఫ్ట్ ఫీల్డర్ శనివారమూ, ఆదివారమూ వీళ్ల ముందే నిలబడాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు. మూడు రోజులూ అతని మొహం చూడాల్సినవాళ్లు బూతుకు దిగితే నవ్వు మొదటి పూటతోనే చచ్చిపోతుంది. అందుకే మంచి గేలికి అతని ఊరు, అతని బ్యాటింగ్ సగటు, నిన్న వదిలేసిన క్యాచ్, అన్నీ తెలిసి ఉండాలి. ప్రత్యర్థి అభిమానుల్ని పిలిచి ప్లేట్ చేతిలో పెట్టే మర్యాద కూడా లౌంజ్‌లో పేరున్నదే. అందరూ ఇంత సంస్కారంగా ఉంటారని నేను పూచీ పడను; పద్ధతికి మాత్రం ఆ వెసులుబాటు ఉంది.

రెండో అభ్యంతరం బరువైనది. 2019 సీజన్ నాటికి సుమారు 6.8 కోట్ల డాలర్లతో స్టేడియాన్ని దాదాపు కొత్తగా కట్టారు. తుప్పు పట్టిన ట్రక్కులు పోయి ఒకే వరసలో శాశ్వత వేదికలు వచ్చాయి, వాటి వెనక మైదానం కనిపించే అపార్ట్‌మెంట్లు లేచాయి. సంప్రదాయాన్ని అద్దాల బీరువాలో పెట్టారన్న విమర్శ అప్పుడే మొదలైంది. అందులో సగం నిజమని నేనూ ఒప్పుకుంటాను. మార్పును సమర్థించేవాళ్ల మాటలోనూ బలముంది: మెట్లు మెట్లుగా పేర్చిన పాత చెక్క, దాని మీద జనం, కింద మండే బొగ్గులు, ఇవన్నీ ఒకచోట ఉంటే ఏదో ఒకరోజు ప్రమాదం తప్పదు. గ్రిల్ మిగిలింది, పొగ మిగిలింది, కుటుంబాలు మిగిలాయి. పోయింది కట్టే పని. సీజన్ ముందు బండిని లాక్కొచ్చి, విరిగిన బల్ల మార్చి, నిరుటికంటే ఒక మెట్టు ఎత్తు పెంచుకునే పని పోయాక, కట్టినవాడు అద్దెదారు అయ్యాడు. వంట చేతిలో ఉన్నంతకాలం ఆ నష్టం సగమే అంటాను, అయినా నష్టం నష్టమే.

మూడోది అంతగా వినిపించని ప్రశ్న. ఈ యూనివర్సిటీలో తొలి నల్లజాతి విద్యార్థి రిచర్డ్ హోమ్స్ చేరింది 1965లో. మైదానం తెరిచింది ఆ తర్వాత రెండేళ్లకే. తొలి ట్రక్కులు నిలిపిన రోజుల్లో ఆవరణలో ఎవరుండేవారో దీన్నిబట్టి ఊహించవచ్చు. చోట్లు స్నేహితుల చేతుల్లో, కుటుంబాల చేతుల్లో కొనసాగే ఆచారంలో తొలి వరసకి దక్కిన లాభం వారసులకి చేరుతుంది. ఆలస్యంగా రానిచ్చినవాళ్లకి వరసలో చివరి చోటే మిగులుతుంది. ఆచారం గొప్పది గనుక ఈ లెక్క అడక్కూడదనడం నాకు నచ్చదు. పరిష్కారం లౌంజ్ పుట్టుకలోనే ఉంది: దాన్ని మొదలుపెట్టింది చోటు కొన్నవాళ్లు కాదు, చేతిలో బండి తప్ప ఏమీ లేని విద్యార్థులు. ప్రతి సీజన్‌కీ కొన్ని చోట్లు లాటరీ వేసి కొత్త విద్యార్థులకి ఇవ్వాలి. భద్రతా నియమాలకి లోబడి వాళ్ల బల్లలు వాళ్లనే కట్టుకోనివ్వాలి. మేకులు, రంపం, ఒక ఇంజినీరు పర్యవేక్షణ. 6.8 కోట్ల డాలర్లు వెచ్చించిన చోట ఈ ఖర్చు లెక్కలోకి రాదు.